బొగ్గుబాయి నేల మీద మనోవేదన కొలత

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం, 1920 నుంచి సింగరేణి కాలరీస్ పేరుతో సాగి గోదావరిఖని, రామగుండం దాకా విస్తరించిన క్రమంలో, కంటికి కనిపించని ప్రమాదాన్ని చిన్న పరీక్షతో ముందే పసిగట్టడం అక్కడి పనిలో భాగమైపోయింది. మైనింగ్ సర్దారు సేఫ్టీ ల్యాంపు ఒత్తిని తగ్గించి, మంట మీద లేచే నీలిరంగు వెలుగు ఎత్తునుబట్టి మీథేన్ మోతాదును అంచనా వేసేవాడు. కార్మికుల ఛాతీని ఎక్స్‌రే తీసి, బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకోవడం వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్ ఆనవాళ్లను వెతకడమూ నిబంధనగా స్థిరపడింది. ఇవన్నీ గాలికీ దేహానికీ సంబంధించిన పరీక్షలు. క్యాన్సర్ వచ్చిన మనిషి లోలోపల పడే గుబులును కొలిచే సాధనాలు మాత్రం ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో, అదీ దూరదేశాల్లో రూపుదిద్దుకున్నాయి.

ఆ ఆలస్యానికి ఒక ముఖ్య కారణం వైద్యుల మౌనం. 1961లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో నూటికి తొంభై మంది వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979 నాటికి 97 శాతం మంది చెప్పాలనే పక్షానికి మారారు. జబ్బు పేరే దాచినచోట దాని వల్ల కలిగిన దిగులు గురించి అడిగే వీలు ఉండదు. రిపోర్టు కొడుకు చేతికి అంది, తండ్రికి మాత్రం తెలియకుండా ఉండిపోయే సందర్భాలు తెలుగు ఇళ్లలో నేటికీ ఉన్నాయి.

1983లో జిగ్మండ్, స్నైత్ అనే మనోవైద్యులు ఆందోళనకు ఏడు, కుంగుబాటుకు ఏడు చొప్పున పద్నాలుగు ప్రశ్నలతో ఒక ఆస్పత్రి కొలమానం తయారుచేశారు. నీరసం, నిద్రలేమి వంటి దేహ లక్షణాలు జబ్బు వల్లనూ రావచ్చు గనుక, వాటిని ఉద్దేశపూర్వకంగానే పక్కనపెట్టడం అందులోని గొప్ప వివేకం. ఏళ్ల తరబడి బాయి పని చేసి అలసటనూ ఆయాసాన్నీ ఒంట్లో మోస్తున్న మనిషి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో క్యాన్సర్ రోగుల మానసిక సేవలకు పునాది వేసిన జిమ్మీ హాలండ్, సహవైద్యులతో కలిసి 1998లో ఇంకా చిన్న సాధనాన్ని ప్రకటించారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న పురుషులు, మనోవ్యాధి ముద్ర పడుతుందన్న జంకు లేకుండా, కాగితం మీది థర్మామీటర్ బొమ్మపై సున్నా నుంచి పది వరకు తమ వేదన ఎంతో గుర్తు పెట్టాలి. నాలుగు లేదా అంతకుమించి గుర్తు పెడితే మరింత లోతుగా విచారించాలన్నది తరువాత స్థిరపడిన పద్ధతి. అక్షరం రాని వృద్ధుడికి కూడా బొమ్మను చూపి అడగవచ్చు. అయితే కొడుకు పక్కనే ఉండగా అడిగితే వచ్చే అంకెను నమ్మడం కష్టం.

ఈ సాధనానికి జోడించిన సమస్యల పట్టికే అసలు విలువైనది, ఎందుకంటే అంకె తీవ్రతను మాత్రమే చెబుతుంది, పట్టిక కారణాన్ని బయటపెడుతుంది. ప్రయాణం, డబ్బు, పిల్లల సంరక్షణ, కుటుంబం, భయం అందులో ఉంటాయి. గోదావరిఖని నుంచి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాద్‌కు కీమోథెరపీ కోసం పదేపదే వెళ్లే కార్మికుడికి ప్రయాణమే ఒక రంది. దానికితోడు, మెడికల్ బోర్డు తనను అన్‌ఫిట్‌గా తేల్చితే, నిబంధనలకు లోబడి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం దక్కే పద్ధతి ఉన్నందున, తన ప్రాణభయం, పిల్లల బతుకుతెరువు ఒకే కాగితం మీద తేలాల్సి వస్తుంది. అమెరికాలో రాసిన పట్టికలో ఈ చిక్కుకు గడి లేదు. సింగరేణి కార్మికుడిని అడిగే తెలుగు పట్టికలో అది ముందు వరుసలో ఉండాలి.