కామాటిపుర గల్లీలో మా అబ్బా చిన్నతనం

ముంబయిలో కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరు ఎత్తగానే పెద్దవాళ్ళు మాట మారుస్తారు. మా అబ్బా పుట్టి పెరిగింది అక్కడే. పెళ్ళి సంబంధాల వాళ్ళు అడిగితే మా దాదా "బొంబాయి సెంట్రల్ దగ్గర ఉండేవాళ్ళం" అనేవారట, పేట పేరు చెప్పేవారు కాదట. ఈ వ్యాసం రాస్తానంటే దాదీ కూడా మొదట వద్దన్నది.

నిజానికి ఆ పేరు మనవాళ్ళ వల్లనే వచ్చింది. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు నీటిని ఆపిన తర్వాత లోపలి బురద నేల మెల్లగా నివాసాలకు పనికొచ్చింది. నిజాం రాజ్యం నుంచి వలసపోయిన కామాటీలు, అంటే మట్టి తవ్వి, రాళ్ళు మోసి, ఇళ్ళు కట్టే కూలీలు అక్కడ స్థిరపడ్డారు. తర్వాత బ్రిటిష్ వాళ్ళ కాలంలో వ్యభిచార గృహాలు ఆ గల్లీల్లోకి చేరాయి. కష్టజీవుల పేరు కాస్తా చెడ్డపేరైపోయింది. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది.

మా దాదా పాలమూరు నుంచి వెళ్ళి బట్టల మిల్లులో చేరారు. చాల్‌లో ఒక్కటే ఖోలీ. వంట, పడక, నమాజు అన్నీ అందులోనే. పక్క ఖోలీలలో పద్మశాలీలు ఉండేవాళ్ళు. బతుకమ్మకు వాళ్ళ సద్ది మా ఇంటికి, రంజాన్‌కు మా సేమ్యా వాళ్ళింటికి వచ్చి పోయేవి. "ఆ ఆడవాళ్ళను చూసి పిల్లలు చెడిపోతారని భయపడలేదా?" అని దాదీని అడిగాను. "వాళ్ళు పాపం నా పిల్లలకు మిఠాయి పెట్టేవాళ్ళు బేటా. నా భయమంతా మట్కా గురించే" అన్నది.

మట్కా అంటే నంబర్ల జూదం. న్యూయార్క్ మార్కెట్‌లో పత్తి ధర ఎంతకు మొదలై ఎంతకు ముగుస్తుందో అని బొంబాయిలో పందెం కాసేవాళ్ళు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోతే కల్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీ అనేవాళ్ళు ఇక్కడే నంబర్లు తీయడం మొదలుపెట్టారు. మిల్లు కూలీ రూపాయి కూడా పెట్టవచ్చు, అందుకే అది మిల్లుల చుట్టూ పాకింది. పత్తి వడికి బట్ట నేసేవాళ్ళ జీతమే పత్తి ధర పేరుతో మొదలైన జూదంలో పోయిందన్నమాట!

పదేళ్ళ వయసులో మా అబ్బా ఒక ఏజెంటుకు చిట్టీలు మోసేవారు. చిట్టీకి పది పైసలు. దాదాకు తెలిసి, జూదం హరామ్ అని బెల్టుతో కొట్టారు. అబ్బా ఇంకా జాగ్రత్తగా దాచడం నేర్చుకున్నారు, అంతే. దాదీ మాత్రం కొట్టలేదు. జీతాల రోజు సాయంత్రం అబ్బాను పక్క ఖోలీకి తీసుకుపోయింది. ఆ ఇంటి పెద్ద జీతమంతా మట్కాలో పోగొట్టుకున్నాడు. పొయ్యి వెలగలేదు. "నువ్వు మోసిన చిట్టీలలో వీళ్ళ బియ్యం ఉన్నయ్" అన్నది. మర్నాటి నుంచి బడి వదలగానే అబ్బాను నాగ్‌పాడా మైదానంలో బాస్కెట్‌బాల్‌కు పంపింది. భారత జట్టు కెప్టెన్ అబ్బాస్ ముంతాసిర్ ఎదిగింది ఆ నాగ్‌పాడాలోనే. మా అబ్బా అంత ఆటగాడు కాలేదు గానీ సాయంత్రాలు ఖాళీగా లేకుండా పోయాయి.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. దాదాకు మళ్ళీ ఆ ఉద్యోగం దొరకలేదు. ఆ ఆకలి రోజుల్లో ఏజెంటు అబ్బాను మళ్ళీ పిలిచాడు. వెళ్ళలేదని రాయాలని నాకు ఉంది. కానీ వెళ్ళారు, నాలుగు రోజులు. ఐదో రోజు తనే దాదీకి చెప్పేశారు. ఆమె ఏమీ అనలేదట, దగ్గరికి తీసుకుని ఏడ్చిందట. తర్వాత కుటుంబమంతా పాలమూరు తిరిగొచ్చింది.

పోయిన ఏడు మా అన్న ఫోన్‌లో క్రికెట్ పందేలు ఆడి, అమ్మీ దాచిన పదకొండు వేలు పోగొట్టాడు. మన తెలంగాణలో ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే నిషేధించారు, అయినా ఫోన్‌లో దానికి ఏదో ఒక దారి దొరుకుతూనే ఉంది. విషయం తెలిసిన రాత్రి అబ్బా చెయ్యి ఎత్తారు, మళ్ళీ దించేశారు. అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఆ నాలుగు రోజుల సంగతి చెప్పారు. మేం ఎవరం అంతకుముందు అది వినలేదు. దాదీ తలుపు దగ్గర నిలబడి విన్నది. నన్ను పేట పేరు రాసుకోమన్నది ఆ తర్వాతే.

అన్న ఇప్పుడు సెలవుల్లో ఒక సైకిల్ షాపులో పనిచేసి అమ్మీకి కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తున్నాడు. లెక్క నా నోట్‌బుక్‌లోనే ఉంది. ఇంకా నాలుగు వేలు బాకీ.