తోఁబుట్టువుల సమ్మతి లేని విక్రయము

పూర్వులార్జించిన భూమిని ఒక్క సోదరుఁడు తక్కినవారి నడుగక విక్రయింపవచ్చునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చాళుక్య చక్రవర్తి యాఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరను రచించి, పైతృకధనమున పుత్రులకు జన్మముతోడనే స్వత్వము గలదని నిర్ణయించెను. ఆపత్కాలమున, కుటుంబపోషణమునకు, ధర్మకార్యమునకు మాత్రము ఒక్కఁడు విక్రయించినను చెల్లుననెను. పదమూఁడవ శతాబ్దమున కేతన యా ధర్మమును తెనిఁగించెను.

ఆంగ్లేయుల యేలుబడిలో మద్రాసు న్యాయస్థానములు, అవిభక్త సోదరుఁడు తన వంతును మాత్రము విక్రయింపవచ్చునని స్థిరపఱచెను. కొనినవాఁడు విభాగము కోరవలసినదే. తక్కినవారి వంతు వానికి దక్కదు.

ఆఁడుపడుచులకు జన్మస్వత్వము చిరకాలము లేకుండెను. ఆంధ్రప్రదేశమున 1986 నాఁటి సవరణ, 1985 సెప్టెంబరు 5 నాఁటికి పెండ్లికాని కుమార్తెలకు దాని నొసఁగెను. 2005 నాఁటి కేంద్ర సవరణ వివాహితలకును నొసఁగెను. అప్పటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చెను. అయినను 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన విక్రయములను ఆ కేంద్ర సవరణ కదలింపదు.

సంఘబంధువులారా! ఆఁడుపడుచు మౌనమును సమ్మతిగా నెంచి దస్తావేజులు వ్రాయించుట మన యిండ్లలో నేఁటికిని గలదు. మౌనము సమ్మతి కాదు. పత్రము వ్రాయకమునుపే తోఁబుట్టువుల నందఱను కూర్చుండఁబెట్టి యడుగుట పెద్దల విధి. అట్లడిగిన యింట వ్యాజ్యము పుట్టదు. ఆఁడుపడుచునకు పుట్టిల్లును దూరము కాదు.