కరెంటు బస్సుకు డ్రైవరెవరు?

1932 జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్లు పోయి లేలాండ్లు, టాటాలు వచ్చాయి. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. తెలంగాణ వచ్చాక టీఎస్‌ఆర్టీసీ, 2024లో టీజీఎస్‌ఆర్టీసీ అని బోర్డులు మారాయి. ఇన్నేళ్లలో బండి మారినప్పుడల్లా సంస్థ తన డ్రైవరుకే నేర్పించుకుంది. హకీంపేట శిక్షణ కళాశాల ఉన్నదే అందుకు.

2023 మే 16న హైదరాబాద్–విజయవాడ మధ్య కరెంటు బస్సు ఈ-గరుడ బయలుదేరింది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా దూరం దాదాపు 275 కిలోమీటర్లు. ఒక్క చార్జింగ్‌తో 325 నడుస్తుందన్నారు. కాగితం మీద మిగులు 50. మే నెల ఎండకు ఏసీ ఆపకుండా నడపాల్సిన డ్రైవరుకు ఆ మిగులు మీద అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

డీజిల్ డ్రైవరు చెవితో నడుపుతాడు. ఏ గేరులో ఎంత లాగుతోందో ఇంజన్ మోతే చెబుతుంది. డిపోలో అతని పనితనాన్ని కొలిచేది కేఎంపీఎల్, అంటే లీటరుకెన్ని కిలోమీటర్లన్న లెక్క. కరెంటు బస్సులో ఆ మోతా లేదు, క్లచ్చూ లేదు, పాత లెక్కా పనికిరాదు. అయినా ఈ విద్య అతనికి పూర్తిగా కొత్తదేం కాదు. ఉమ్మడి పాలమూరు జిల్లా దోమలపెంట నుంచి శ్రీశైలం ఆనకట్ట వైపు ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో వేసి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచేవాడు. ఇక్కడ యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే బండిని పట్టేస్తుంది, పైగా కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఘాట్ డ్యూటీలు చేసినవాడికి నాలుగు ట్రిప్పులు పక్కన కూర్చుని చెబితే చాలు. అసలు భయం వేరు: దారిలో చార్జింగ్ అయిపోతే మెమో ఎవరికి? ఆ జవాబు రాతపూర్వకంగా ఇచ్చిన రోజున సగం బెరుకు పోతుందని నా నమ్మకం.

తీరా చూస్తే ఆ స్టీరింగ్ అతని చేతికే రాలేదు. 2019లో విమానాశ్రయం దారిలో తిరిగిన తొలి 40 బస్సుల నుంచీ పద్ధతి ఒకటే. బస్సు, డ్రైవరు, మరమ్మతు అద్దెకిచ్చిన కంపెనీవి. కండక్టరు ఆర్టీసీ మనిషి. కిలోమీటరుకింత అని చెల్లింపు. ఖరీదైన బస్సులను సొంతంగా కొనే స్తోమత సంస్థకు లేదన్నది నిజమే. కార్మిక సంఘాలు దీన్ని దొడ్డిదారి ప్రైవేటీకరణ అంటున్నాయి, అందులోనూ అబద్ధమేం లేదు.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల బ్యాటరీ పరిశ్రమకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అంటే బ్యాటరీ పాలమూరులో తయారవుతుంది, పాలమూరు డిపో డ్రైవరు మాత్రం డీజిల్ బస్సే నడుపుతాడు. 2024లో కరీంనగర్‌తో మొదలుపెట్టి జిల్లా డిపోలకూ ఈ బస్సులు పంపడం ప్రారంభించారు. ఆ జాబితాలో నల్లగొండ, సూర్యాపేట ఉన్నాయి. ఒప్పందం పద్ధతి మాత్రం మారలేదు.