నాలుగు బ్యాటరీలు, ఒక పాత లెక్క

అల్లాదుర్గ్‌లో మా బాపుకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. గాలిదుమారానికి కరెంటు పోతే పని ఆగొద్దని నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా పెట్టాను. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపి, ఇన్వర్టర్ తీగలు రెండూ మొదటి బ్యాటరీ నుంచే తీశాను. ఇంజనీరునని కాస్త గర్వం కూడా :) రెండేళ్ళు తిరక్కుండానే ఆ మొదటిది చచ్చింది. బాపు చూసి "ముంగటిదే మోస్తుంది రా, ఎనకవి ఊకె నడుస్తున్నయి" అన్నడు.

అనుభవం లేక అన్నమాట అనుకున్నా. లెక్కేసి చూస్తే అక్షరాలా నిజం. ఆ లెక్కకు 270 ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

బ్యాటరీ అంటే మొదట ఫిరంగుల వరస. విద్యుత్తుకు ఆ పేరు తెచ్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. రెండు వైపులా సీసపు రేకులున్న పదకొండు గాజు పలకల గురించి 1749లో పీటర్ కాలిన్సన్‌కు ఉత్తరం రాశాడు. ఛార్జి చేసేటప్పుడు సిరీస్, వదిలేటప్పుడు పారలల్! అయినా దెబ్బ తప్పలేదు. 1750 డిసెంబరు 23న టర్కీ కోడిని కరెంటుతో చంపబోయి, కలిపి ఉంచిన రెండు పెద్ద జాడీల షాక్ తనే తిని స్పృహ తప్పాడు.

1800లో వోల్టా వెండి, జింకు బిళ్ళలను ఉప్పునీటి అట్టలతో దొంతర పేర్చాడు. అది సిరీస్: బిళ్ళలు పెరిగినకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. 1859లో సీసపు బ్యాటరీ కనిపెట్టిన గాస్టన్ ప్లాంటే ఫ్రాంక్లిన్‌కు సరిగ్గా ఉల్టా చేశాడు. ఆయన దగ్గర ఛార్జింగుకు ఉన్నవి తక్కువ వోల్టేజి ఇచ్చే బున్సెన్ సెల్స్. అందుకే పారలల్‌లో నింపి, సిరీస్‌లో వాడుకునే ఏర్పాటు చేశాడు.

మన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలదీ సిరీసే. 2 వోల్టుల సెల్స్ 24 కలిపితే 48 వోల్టులు. అన్నిటి గుండా ఒకటే కరెంటు కాబట్టి పంపకాల గొడవ లేదు. గొడవంతా పారలల్‌లోనే, అన్నదమ్ముల ఆస్తిలాగా!

ఇక్కడ దారి చూపేది 1827 నాటి జార్జ్ ఓమ్ పుస్తకం. బయటి తీగదే కాదు, కరెంటు పుట్టే చోట లోపల ఉండే నిరోధాన్ని కూడా ఆయన లెక్కలో కలిపాడు. ఒక్కో బ్యాటరీ లోపల 10 మిల్లీఓమ్‌లు, మధ్యనున్న ఒక్కో తీగకు 1 మిల్లీఓమ్ అనుకోండి. నా కనెక్షన్‌లో 100 ఆంపియర్లు లాగితే మొదటిది 39 ఇస్తుంది, చివరిది 16. అంత చిన్న తీగ ఎంత పని చేసిందో చూశారా!

మందు చాలా సులువు. ప్లస్సు మొదటి బ్యాటరీ నుంచి, మైనస్సు చివరి బ్యాటరీ నుంచి తీస్తే చాలు. అప్పుడు చివర్లవి రెండూ చెరో 27, మధ్యవి చెరో 23. పైసా ఖర్చు లేదు. సర్వర్ల ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టే మనకు, ఇంట్లో ఆ పని రాగి తీగ చేస్తుందని తట్టదు.

ఇంకో మాట. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో లిథియం ప్యాకులు కట్టేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వోల్టేజి తేడా ఉన్న రెండు ప్యాకులను పారలల్‌లో కలిపితే, నిండుది ఖాళీదానిలోకి ఒక్కసారిగా కరెంటు కుమ్మరిస్తుంది. లోపలి నిరోధం 20 మిల్లీఓమ్‌లు ఉన్న దారిలో ఒక్క వోల్టు తేడా అంటే 50 ఆంపియర్లు. తీగ కాలుతుంది, ఒక్కోసారి ఇల్లే కాలుతుంది. ముందు వోల్టేజి సమానం చెయ్యండి, ప్రతి ప్యాకుకూ విడిగా ఫ్యూజు పెట్టండి. ఫ్రాంక్లిన్ అదృష్టవంతుడు, స్పృహ వచ్చింది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు నాలుగూ కొత్తవి తెచ్చి, మైనస్సు తీగ చివరికి మార్చాను. బాపు క్లాంప్ మీటర్ పట్టుకుని నాలుగింటి అంకెలూ చూసి, "ఇగ అందరూ మోస్తుండ్రు" అన్నడు.