చెప్పులు కుట్టేవారి కొడుకు, చేతితొడుగులు కుట్టేవారి కొడుకు

(రంగస్థలం వెనక మనుషులు – 4)

షేక్‌స్పియర్ అనగానే మనకు క్లాసిక్, సిలబస్, పెద్దవాళ్ల ఇంగ్లీషు గుర్తొస్తాయి. ఆ కాలంలో నాటకాలు రాసినవాళ్ల ఇళ్లలో ఏ పని జరిగేదో మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. ఈ భాగంలో మనం అడుగుదాం.

క్రిస్టఫర్ మార్లో తండ్రి కాంటర్‌బరీలో చెప్పులు కుట్టేవాడు. షేక్‌స్పియర్ తండ్రి జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో తోళ్లు పదును చేసి చేతితొడుగులు కుట్టేవాడు. బెన్ జాన్సన్ సవతి తండ్రి తాపీ పనివాడు, జాన్సన్ కూడా ఇటుకలు పేర్చినవాడే. 1576లో లండన్ శివారులో ‘ది థియేటర్’ అనే నాటకశాల లేపిన జేమ్స్ బర్బేజ్ మొదట వడ్రంగి. ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లీషు రంగస్థలాన్ని నిలబెట్టిన చేతులివి.

వీళ్లను చట్టం ఎలా చూసిందో చూడండి. 1572లో ఇంగ్లండ్ పార్లమెంటు దేశదిమ్మరుల మీద ఒక చట్టం చేసింది. ఎలుగుబంట్లను ఆడించేవాళ్లు, గారడీవాళ్లు, పాటగాళ్లు, ఊరూరా తిరిగి సరుకులమ్మేవాళ్లతో పాటు నటులనూ ఆ జాబితాలో చేర్చింది. ఏ ప్రభువు అండా, అధికారుల లైసెన్సూ లేకుండా తిరుగుతూ దొరికితే కొరడా దెబ్బలు, కాల్చిన ఇనుముతో కుడిచెవికి చిల్లు. మూడోసారి దొరికితే ప్రాణమే పోతుంది. అందుకే పెద్ద ట్రూపులకు దొరల పేర్లుంటాయి: లార్డ్ ఛాంబర్లేన్ మనుషులు, లార్డ్ అడ్మిరల్ మనుషులు. వీపు కాపాడుకోవడానికి మోసిన పేర్లవి.

లండన్ నగర పెద్దలకూ నాటకమంటే పడేది కాదు. జనం గుమిగూడితే ప్లేగు వస్తుందని, పనికుర్రాళ్లు పని ఎగ్గొడతారని, అల్లర్లు లేస్తాయని వాళ్ల గోల. దాంతో నాటకశాలలు నగరం అధికారం చెల్లని చోట్ల వెలిశాయి: ఉత్తరాన షోర్‌డిచ్, థేమ్స్ నది అవతల సదర్క్. చుట్టూ ఎలుగుబంటి పందేలు, వేశ్యావాటికలు. ఊరవతల అంటే ఏంటో మనకు ఎవరూ వివరించక్కర్లేదు కదా.

‘ది థియేటర్’ స్థలం లీజు అయిపోయి యజమానితో తగాదా వచ్చింది. 1598 డిసెంబరులో ట్రూపువాళ్లు ఆ భవనాన్నే విప్పేశారు. ఆ కలపను నది దాటించి 1599లో గ్లోబ్ కట్టారు. అందులో సగం బర్బేజ్ కొడుకులిద్దరిది, మిగతా సగం షేక్‌స్పియర్‌తో కలిపి ఐదుగురు నటులది. ఒక్క పెన్నీ ఇస్తే ఎవరైనా నిలబడి నాటకం చూడొచ్చు. దొర పేరు ఎంత పెద్దదైనా ట్రూపును పోషించింది ఈ పెన్నీలే. ఆడవాళ్లు మాత్రం చూడటం వరకే. వాళ్ల పాత్రలు మగపిల్లలు కట్టేవారు.

బట్టల సంగతి ఇంకా ఆసక్తికరం. ఎవరు ఏ బట్ట తొడగాలో ప్రభుత్వమే శాసించిన కాలమది. 1599లో లండన్ వచ్చిన స్విస్ యాత్రికుడు థామస్ ప్లాటర్ ఒక మాట రాశాడు: దొరలు చనిపోతూ తమ మంచి బట్టలు నౌకర్లకు రాసిస్తారు, వాళ్లు అవి తొడుక్కోకూడదు గనక నటులకు చవగ్గా అమ్ముకుంటారు అని. నౌకరు వీధిలో తొడగలేని దొరల బట్టలను ఈ నటులు పట్టపగలు రంగస్థలం మీద తొడిగారు. మార్లో రాసిన ‘టాంబర్లేన్’లో గొర్రెలకాపరి రాజులను ఓడించి చక్రవర్తి అవుతాడు. పెన్నీ ఇచ్చి నిలబడ్డ జనం ముందు ఆడిన కథ అది.

చదువుకున్నవాళ్లకు ఇది మింగుడుపడలేదు. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ డిగ్రీలున్న రాబర్ట్ గ్రీన్ పేరుతో, అతను పోయాక 1592లో ఒక పుస్తకం వచ్చింది. డిగ్రీ లేని షేక్‌స్పియర్‌ను అది మా ఈకలు తగిలించుకున్న కాకి అని ఎద్దేవా చేసింది. 1857లో డెలియా బేకన్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంత గొప్ప నాటకాలు అలాంటి మనిషి రాయలేడని, ఫ్రాన్సిస్ బేకన్ లాంటి పెద్దలు రాశారని పుస్తకమే వేసింది. 1920లో ఇంకొకరు వాటిని ఆక్స్‌ఫర్డ్ ప్రభువుకు కట్టబెట్టారు. ఆ ప్రభువు 1604లోనే చనిపోయాడు, ‘ది టెంపెస్ట్’ రాసింది ఆ తర్వాత. అయినా ఆ వాదన ఆగలేదు.

ఈ మెరిట్ వాదన నాకు బాగా పరిచయం. నా పీహెచ్‌డీ అధ్యాయం చదివి, బాగుందనే ముందు, “ఇది నువ్వే రాశావా?” అని అడిగినవాళ్లున్నారు.

అలాగని ఇంగ్లండ్‌ను మన వాడతో ఒకే గాటన కట్టలేం. తోలు పని చేసిన జాన్ షేక్‌స్పియర్ 1568లో స్ట్రాట్‌ఫర్డ్‌కు బెయిలిఫ్, అంటే మన లెక్కన మేయర్ అయ్యాడు. 1596లో ఆ ఇంటికి కులీన చిహ్నం కూడా దక్కింది. మన లంద దగ్గర పుట్టిన మనిషి ఆ రోజుల్లో ఊరి కచేరీ అరుగు ఎక్కగలిగేవాడా? తోలులో మైల లేదు, దాన్ని అంటించింది కులం. అక్కడ దిమ్మరి ముద్ర ఒక దొర చీటీతో చెరిగేది. అదే ఇంగ్లీషు పాలకులు 1871లో ఇక్కడ తెచ్చిన నేరస్త తెగల చట్టం పుట్టుకకే ముద్ర వేసింది. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో అది ఎరుకల వాళ్ల మెడకు చుట్టుకుంది. చెవికి చిల్లు ఒక్క మనిషికే. ఈ ముద్ర పుట్టబోయే బిడ్డకు కూడా.

చివరిగా ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద లైబ్రరీ నిలబెట్టిన థామస్ బాడ్లీ 1612లో నాటకాల పుస్తకాలను చెత్త కింద లెక్కగట్టాడు. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, అతని 36 నాటకాలను ఒక సంపుటంగా అచ్చుకు చేర్చింది హెమింజెస్, కాండెల్ అనే ఇద్దరు తోటి నటులు. వాటిలో సగం అంతకుముందు అచ్చు చూడలేదు. ‘మాక్‌బెత్’ మనదాకా వచ్చింది అలాగే. మన వాడల్లో ఆడి పాడిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల పాటలు, ఆటలు వాళ్ల పేరు మీదే రాసిపెట్టండి. ఆలస్యమైతే వాటికి ఇంకెవరి పేరో తగిలిస్తారు.

జై భీమ్.