పెళ్లిపందిరి కింద ప్రవాసులు: ఆర్.బి. కిటాయ్ చిత్రకళలో యూదు సంస్కారం, కుటుంబం, స్నేహం

యూదు జాతికి చిత్రకళా సంప్రదాయం లేదనే అభిప్రాయం పాశ్చాత్య కళాచరిత్రలో చాలాకాలం ప్రచారంలో ఉండేది. విగ్రహారూపాలను నిషేధించిన దైవాజ్ఞ ఇందుకు కారణమని పండితులు చెప్పేవారు. 1932లో సిరియాలోని డ్యూరా-యూరోపస్ వద్ద క్రీ.శ. మూడవ శతాబ్దికి చెందిన సినగాగ్ ఒకటి తవ్వకాలలో బయటపడింది. దాని గోడల నిండా మోషే మొదలైన ప్రవక్తల గాథలు మానవరూపాలతో చిత్రించి ఉన్నాయి. దానితో ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించక తప్పలేదు. అయినా ఆ కుడ్యచిత్రాలకూ ఆధునిక కాలానికీ నడుమ అవిచ్ఛిన్నమైన పరంపర ఉందని చెప్పడం కష్టం. అజంతా నుండి లేపాక్షి వరకు గోడలపై బొమ్మలు చూసుకొనే భాగ్యం మనకున్నట్లుగా, ఐరోపాలోని యూదు చిత్రకారునికి తన పూర్వుల గోడలు లేవు. తన తాతముత్తాతల ముఖాలను అతడు తానే కల్పించుకోవలసి వచ్చింది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ ప్రయత్నం ప్రారంభమైంది. జర్మనీలో మోరిట్జ్ ఓపెన్‌హైమ్ యూదు గృహజీవితాన్నీ పండుగలనూ చిత్రమాలికగా రూపొందించాడు. పోలెండుకు చెందిన మౌరిట్సీ గాట్లీబ్ 1878లో ప్రాయశ్చిత్త దినాన సినగాగ్‌లో ప్రార్థిస్తున్న జనాన్ని చిత్రించాడు. ఆ గుంపులో తన రూపాన్నే మూడు వేర్వేరు వయస్సులలో నిలిపి, ధర్మగ్రంథపు వస్త్రం మీద దివంగతుడైన తన స్మృత్యర్థం అన్న భావం వచ్చే మాటలు వ్రాశాడు. మరుసటి సంవత్సరమే, ఇరవైమూడేళ్ల ప్రాయంలో, ఆయన మరణించాడు. సంస్కారాన్ని చిత్రించడం అంటే ఆ సంస్కారంలో తన స్థానం ఎక్కడో వెతుక్కోవడం అని గాట్లీబ్ చిత్రం వల్ల తెలుస్తుంది. దాదాపు వందేళ్ల తరువాత అదే ప్రశ్నను మరింత కఠినమైన చారిత్రక పరిస్థితిలో ఎదుర్కొన్న చిత్రకారుడు రోనాల్డ్ బ్రూక్స్ కిటాయ్.

కిటాయ్ 1932లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. తల్లి రష్యా నుండి వలస వచ్చిన యూదు దంపతుల కుమార్తె. కన్నతండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్లగా, తల్లి 1941లో డాక్టర్ వాల్టర్ కిటాయ్‌ను వివాహమాడింది. ఆయన వియన్నా నుండి శరణార్థిగా వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు. అంటే ఈ చిత్రకారుడు ప్రపంచానికి పరిచితమైన ఇంటిపేరు కూడా ఒక కాందిశీకుడు తన వెంట తెచ్చుకొన్నదే. పదిహేడేళ్లకు ఓడలలో నావికుడుగా చేరాడు. న్యూయార్క్‌లో, వియన్నాలో చిత్రలేఖనం అభ్యసించాడు, సైన్యంలో పనిచేశాడు. సైనికులకు లభించే విద్యావేతనంతో ఆక్స్‌ఫర్డ్ చేరి, అక్కడి నుండి 1959లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశించాడు. అక్కడ సహాధ్యాయిగా పరిచయమైన డేవిడ్ హాక్నీతో స్నేహం కడదాకా నిలిచింది.

ఆ రోజులలో నైరూప్య చిత్రకళదే పైచేయి. మనిషి బొమ్మ గీసేవాడు వెనుకబడినవాడన్న భావం బలంగా ఉండేది. 1976లో కిటాయ్ లండన్‌లోని హేవర్డ్ గ్యాలరీలో ‘ది హ్యూమన్ క్లే’ అనే ప్రదర్శనను కూర్చి, మానవరూపాన్ని చిత్రించే కళాకారులను ఒకచోట చేర్చాడు. ‘స్కూల్ ఆఫ్ లండన్’ అనే మాట ఆ ప్రదర్శన సందర్భంగానే వాడుకలోకి వచ్చింది. ఈ ఆలోచనకు మన దేశంతో ఒక సంబంధం ఉంది. వివాన్ సుందరం 1966 నుండి 1968 వరకు లండన్‌లోని స్లేడ్ స్కూల్‌లో చదివినప్పుడు కిటాయ్ సాహచర్యం పొందాడు. 1981లో బొంబాయి, ఢిల్లీ నగరాలలో జరిగిన ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శనలో సుందరంతోపాటు భూపేన్ ఖఖ్ఖర్, గులాం మహమ్మద్ షేక్, సుధీర్ పట్వర్ధన్, నళినీ మలానీ, జోగెన్ చౌధురి పాల్గొన్నారు. గీతా కపూర్ దానికి వ్రాసిన వ్యాసం మానవరూపం పక్షాన వాదించింది. మన చిత్రకారులు తమ దారిని బరోడా, బొంబాయి వీధులలోనే వెతుక్కొన్నారు. అయినా తన మనుషులనూ తన వీధినీ చిత్రించడం సిగ్గుపడవలసిన పని కాదన్న ధైర్యం రెండు దేశాలలోనూ ఇంచుమించు ఒకే దశాబ్దంలో కలిగింది.

కిటాయ్ బాల్యంలో మతాచారం లేదు. నాజీ అధికారి ఐక్‌మన్ విచారణపై హన్నా అరెంట్ వ్రాసిన గ్రంథం చదివిన తరువాతనే తన జాతి చరిత్ర తనను వెన్నాడసాగిందని ఆయన పలుమార్లు చెప్పుకొన్నాడు. 1975–76లో చిత్రించిన ‘ఇఫ్ నాట్, నాట్’ అందుకు తొలి మహాఫలితం. రమణీయమైన ప్రకృతి దృశ్యంలా కనిపించే ఆ పటంలో ఎడమవైపు పైభాగాన ఆష్విట్జ్ ద్వారభవనం నిలిచి ఉంటుంది. దాని ఆధారంగా నేసిన భారీ చిత్రకంబళి బ్రిటిష్ లైబ్రరీ ప్రవేశమందిరాన్ని అలంకరించింది. 1983–84లో చిత్రించిన ‘సెసిల్ కోర్ట్’లో పాత పుస్తకాల దుకాణాలున్న లండన్ సందు, ఐరోపా నుండి పారిపోయివచ్చిన పుస్తక విక్రేతలు, వారి ముందు ఆసనంపై వాలిన చిత్రకారుడు కనిపిస్తారు. విమర్శకులు సాధారణంగా ‘ఇఫ్ నాట్, నాట్’కే అగ్రస్థానం ఇస్తారు. చరిత్ర విద్యార్థిగా చూసినప్పుడు మాత్రం నాకు అంతకంటె విలువైన సాక్ష్యంగా తోచేది, రూపంలో దానికంటె గజిబిజిగా ఉండే ‘ది వెడ్డింగ్’.

1983లో కిటాయ్ అమెరికన్ చిత్రకారిణి సాండ్రా ఫిషర్‌ను వివాహం చేసుకొన్నాడు. ఆయన మొదటి భార్య 1969లో మరణించింది. ఈ పెళ్లి లండన్ నగరంలోని బెవిస్ మార్క్స్ సినగాగ్‌లో జరిగింది. ఆ స్థలానికి ఒక చరిత్ర ఉంది. 1290లో యూదులను బహిష్కరించిన ఇంగ్లండు, 1656లో క్రామ్‌వెల్ కాలంలో వారి పునఃప్రవేశానికి దారి ఇచ్చింది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల నుండి వెళ్లగొట్టబడిన వంశాలవారు 1701లో ఆ ప్రార్థనాలయాన్ని నిర్మించుకొన్నారు. అనగా ఒక బహిష్కృత సమాజం కట్టుకొన్న మందిరంలో, మరొక బహిష్కృతుని ఇంటిపేరు ధరించినవాడు, తన పుట్టినదేశం కాని దేశంలో పెళ్లి చేసుకొంటున్నాడు.

యూదుల వివాహంలో వధూవరులు నాలుగు స్తంభాల మీద నిలిపిన వస్త్రపు పందిరి కింద నిలబడతారు. దానిని హుప్పా అంటారు. అది వారు కట్టుకోబోయే ఇంటికి గుర్తు. సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు ఉండాలన్నది సంప్రదాయ నియమం. ఆ పదిమంది కూటమికి మిన్యన్ అని పేరు. మనవైపు పెళ్లిలో అగ్నిసాక్షి, బంధుసాక్షి అని చెప్పుకొనే దానికి ఇది కొంత దగ్గరగా ఉన్నా, ఇక్కడ సంఖ్యకే ప్రాధాన్యం. దేవాలయం లేకపోయినా, రాజ్యం లేకపోయినా, పదిమంది ఒకచోట చేరితే ప్రార్థన సాగుతుంది. చెదరిపోయిన జాతి తనను తాను నిలుపుకోవడానికి కనుగొన్న ఉపాయాలలో ఇది ఒకటి.

కిటాయ్ పెళ్లిలో ఈ కూటమికి వచ్చిన స్నేహితులు లూసియన్ ఫ్రాయిడ్, ఫ్రాంక్ అవర్‌బాక్, లియోన్ కొసాఫ్. ముగ్గురూ చిత్రకారులే, ముగ్గురూ యూదు కుటుంబాలలో పుట్టినవారే. మతాచార నిష్ఠకు పేరుపడినవారు మాత్రం కారు. ఫ్రాయిడ్ బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో కుటుంబంతో ఇంగ్లండు చేరాడు. అవర్‌బాక్‌ను 1939లో ఏడెనిమిదేళ్ల బాలుడుగా తల్లిదండ్రులు బెర్లిన్ నుండి పంపివేశారు. వారిని అతడు మళ్లీ చూడలేదు, వారు నాజీల చేతిలో హతులయ్యారు. కొసాఫ్ తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన దంపతులకు లండన్‌లో జన్మించాడు. తోడి పెళ్లికొడుకు స్థానంలో నిలిచినవాడు డేవిడ్ హాక్నీ. అతడు యూదుడు కాడు, బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆంగ్లేయుడు. బంధువర్గం నిలబడవలసిన చోట స్నేహవర్గం నిలబడింది. అవర్‌బాక్ వంటివానికి పెళ్లికి పిలుచుకోవడానికి కన్నవారే మిగలలేదన్న సంగతి గుర్తుకు తెచ్చుకొంటే, ఈ స్నేహం సరదాకు సంబంధించినది కాదని బోధపడుతుంది.

ఈ దృశ్యాన్ని కిటాయ్ 1989లో మొదలుపెట్టి 1993 వరకు చిత్రిస్తూనే ఉన్నాడు. ఆరడుగుల చదరపు పటం అది. పందిరి కింద మనుషులు ఒకరినొకరు ఒరుసుకొంటూ, రంగులు ఒకదానిలోకి ఒకటి చొరబడుతూ ఉంటాయి. ఎవరి భుజం ఎక్కడ ముగిసి ఎవరి ముఖం ఎక్కడ మొదలైందో చెప్పడం కొన్నిచోట్ల కష్టం. పటంలో ఉన్న స్నేహితులే వచ్చి సలహాలు చెప్పేవారట. ఆయన వాటిని విని మార్పులు చేసేవాడట. చివరకు దానిని ఎలా ముగించాలో తనకు తెలియలేదని ఆయనే ఒప్పుకొని, ఆ పటాన్ని టేట్ గ్యాలరీకి కానుకగా ఇచ్చాడు. సంయోజనలోని ఈ సంకులత లోపమే. కాని పెళ్లిపందిరి కింద నిలబడిన ఎవరికైనా ఆ ఇరుకు, ఆ ఉక్కపోత, ఆ సంతోషం తెలిసినవే. నిశ్చలంగా వరుస తీర్చి నిలబెట్టి ఉంటే అది సామూహిక ఛాయాచిత్రం అయ్యేది.

1989లోనే కిటాయ్ ‘ఫస్ట్ డయాస్పొరిస్ట్ మేనిఫెస్టో’ అనే చిన్న గ్రంథం ప్రచురించాడు. ఒకే కాలంలో రెండు మూడు సమాజాలలో బ్రతికే చిత్రకారుని కళ ప్రవాసకళ అని అందులోని ప్రతిపాదన. యూదులకు మాత్రమే కాక, స్వస్థలం కోల్పోయిన వారందరికీ అది వర్తిస్తుందని ఆయన భావించాడు. ఉపఖండ విభజన చూసిన మనకు ఈ మాట కొత్తది కాదు. అయితే ఆ గ్రంథంలోని ఉద్రేకం కంటె పెళ్లిపటంలోని మనుషులే ఆ వాదాన్ని నమ్మకంగా చెబుతారని నా అభిప్రాయం.

తన పటాల పక్కన వ్యాఖ్యలు వ్రాసి పెట్టడం కిటాయ్ అలవాటు. తాల్మూద్ పుటలో మూలం నడుమ ఉండి చుట్టూ వ్యాఖ్యలు పేర్చినట్లే తన పని కూడా అని ఆయన సమర్థన. కొలచల మల్లినాథసూరి వ్యాఖ్య లేనిదే కాళిదాసును పట్టుకోని పండిత పరంపరకు వారసులమైన మనకు ఇందులో విడ్డూరమేమీ కనిపించదు. లండన్ విమర్శకులకు మాత్రం అది అహంకారంగా కనిపించింది. 1994లో టేట్ గ్యాలరీ ఆయన సమగ్ర ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు పత్రికలు నిర్దయగా విరుచుకుపడ్డాయి. వ్యాఖ్యలు మితిమీరాయన్న మాటలో కొంత నిజముంది. ఆ కోపంలో పటాలనే చూడకపోవడం విమర్శకుల తప్పు. ప్రదర్శన ముగిసిన కొద్దికాలానికే, 47 ఏళ్ల వయస్సులో, సాండ్రా మెదడుకు సోకిన ఆకస్మిక వ్యాధితో మరణించింది. ఆమెకు తగిలిన దెబ్బ తన కోసం ఉద్దేశించిందేనని కిటాయ్ గట్టిగా నమ్మాడు. దుఃఖంలో మనిషి అలా నమ్మడం సహజమే. చరిత్రకారుడు దానిని నిర్ధారించలేడు. 1995లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో చిత్రకళకు స్వర్ణసింహ పురస్కారం లభించినా ఆయన మనస్సు కుదుటపడలేదు. 1997లో, నాలుగు దశాబ్దాలుగా నివసించిన ఇంగ్లండును విడిచి, చిన్న కొడుకుతో లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయాడు.

అక్కడ ఆయన గీసిన పటాలలో తానూ సాండ్రా మళ్లీ మళ్లీ కనిపిస్తారు. ఆమె కొన్నిటిలో రెక్కలున్న దేవదూత. భగవంతుని సన్నిధిని స్త్రీరూపంగా భావించే షెఖీనా అనే యూదు మార్మిక భావనతో ఆయన ఆమెను ముడిపెట్టుకొన్నాడు. పెళ్లిపటంలో కిక్కిరిసిన జనం ఈ చిత్రాలలో లేరు. ఇద్దరే, చాలా తెల్లని ఖాళీ నేల మీద, పల్చని రంగులలో ఉంటారు. 2007లో రెండవ మేనిఫెస్టో వెలువడింది; ఆ ఏడాది అక్టోబరులోనే, 75వ జన్మదినానికి ఎనిమిది రోజుల ముందు, కిటాయ్ కన్నుమూశాడు. అది ఆత్మహత్య అని అధికారులు నిర్ధారించారు. 2012లో బెర్లిన్‌లోని యూదు మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన నిర్వహించింది. ఫ్రాయిడ్, అవర్‌బాక్‌లు పిల్లలుగా విడిచిపోయిన నగరం అదే.