పెంపుడు కుక్కకు మూర్ఛ: రెండు మందుల చరిత్ర

తెలుగు వాడుకలో 'మందు' అన్న మాట విచిత్రమైనది. రోగికి ఇచ్చేదీ మందే, పైరుమీద చల్లేదీ మందే. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో, ప్రత్తి, మిరప పండే ఊళ్ళలో, "మందు కొట్టినారా?" అని ఒక రైతు మరొక రైతును అడిగితే అది పురుగుమందును గురించేనని పసివానికి సైతము తెలుసు. అదే ఇంటి పెంపుడు కుక్కకు మూర్ఛ వచ్చినప్పుడు పశువైద్యుడు ఇచ్చే బిళ్ళ కూడా మందే. పేరు ఒకటైనా పనులు వేరు. కొన్ని పురుగుమందులు మెదడులో ఏ తలుపును మూసి మూర్ఛ తెప్పిస్తాయో, మూర్ఛకు ఇచ్చే ముఖ్యమైన మందు ఆ తలుపునే తెరచి వుంచుతుంది. ఈ సంగతి బోధపడడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్ర తెలిసినవారు మూర్ఛ వచ్చిన కుక్కను చూచి కర్ర అందుకోరు. మందు మొదలుపెట్టిన తరువాత నడిమధ్యలో మానరు.

పాతకాలపు ఊహలు

మూర్ఛ వచ్చిన కుక్క ఉన్నట్టుండి ప్రక్కకు ఒరిగి పడిపోతుంది. కాళ్ళు కొయ్యబారి, తరువాత ఈదుతున్నట్లు కొట్టుకుంటాయి. దవడలు కదులుతూ నోట నురుగు వస్తుంది. తెలియకుండానే మూత్రము పోతుంది. సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో ఇది ఆగిపోతుంది. లేచిన తరువాత కొంతసేపు ఇంటివారిని గుర్తుపట్టనట్లు తిరుగుతుంది, గోడలకు తగులుతుంది. ఆ పిమ్మట మళ్ళీ మామూలు కుక్కే.

చరకసంహిత ఈ జబ్బును అపస్మారము అన్నది. స్మృతి తప్పుట అని ఆ మాటకు అర్థము. వాత, పిత్త, కఫములలో ఒక్కొక్కదానివల్ల కలిగేవి మూడు, మూడూ కలిసినందువల్ల కలిగేది ఒకటి, వెరసి నాలుగు విధములని ఆ గ్రంథము విభజించింది. గ్రీసు దేశములో, క్రీస్తుకు పూర్వము సుమారు 400 ప్రాంతమున, హిపోక్రటీసు పేరుతో ప్రచారములోనికి వచ్చిన ఒక గ్రంథము ఇది దేవతల ఆగ్రహము కాదనీ, మెదడుకు వచ్చే జబ్బనీ వాదించింది. అందుకు ఆ గ్రంథకర్త చూపిన సాక్ష్యము ఒక జంతువే. మేకలకు మూర్ఛ వస్తుందనీ, అట్టి మేక తల తెరచి చూస్తే మెదడు నీరుపట్టి వుంటుందనీ వ్రాసినాడు. కారణము సరిగా చెప్పలేకపోయినా, వెదకవలసిన చోటు ఏదో చెప్పినాడు.

ఉప్పు వంటి తొలి మందు

1826లో బలార్డు అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు ఉప్పు మడుల నీటినుండి బ్రోమిన్ అనే మూలకమును వేరుచేసినాడు. 1857 మే 11వ తేదీన లండనులో జరిగిన ఒక వైద్యుల సభలో, విక్టోరియా రాణికి పురుడు పోసిన వైద్యుడు చార్లెస్ లోకాక్, పొటాసియం బ్రోమైడును 15 మంది స్త్రీలకు ఇచ్చి చూచినాననీ, వారిలో 14 మందికి మూర్ఛలు తగ్గినవనీ చెప్పినాడు. మూర్ఛకు కారణమని ఆయన తలచినది పొరపాటు. ఆయన ఇచ్చిన మందు మాత్రము పనిచేసింది. ఆ శతాబ్దము ముగిసేవరకు మూర్ఛకు బ్రోమైడే ప్రధానమైన మందు. దానివల్ల మత్తు, చర్మముమీద పొక్కులు వచ్చేవి. అయినా అంతకు మించినది మరొకటి లేదు.

కుక్కలు ఈ చరిత్రలోనికి 1870లో వచ్చినవి. బెర్లినులో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు యువకులు కుక్క మెదడు పైపొర మీద కొన్ని తావులలో స్వల్పమైన విద్యుత్తు తగిలించినారు. ఒక తావున తగిలిస్తే ముందుకాలు కదిలింది. మరొక తావున తగిలిస్తే వెనుకకాలు కదిలింది. విద్యుత్తు ఎక్కువైనప్పుడు ఆ కదలిక ఒక కాలితో ఆగక ఒళ్ళంతా ప్రాకి, మూర్ఛగా మారింది. మెదడులోని నాడీకణములు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా పనిచేస్తే మూర్ఛ వస్తుందని ఇట్లు కంటికి కనిపించింది.

1912లో జర్మనీలో బేయర్ కంపెనీ 'ల్యూమినాల్' అనే నిద్రమందును అమ్మకానికి తెచ్చింది. దీని రసాయన నామము ఫినోబార్బిటాల్. ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు తన రోగులు రాత్రి నిద్రపోవడానికి దీనిని ఇచ్చినాడు. మూర్ఛరోగులకు నిద్ర పట్టడమే కాక, పగటిపూట మూర్ఛలు కూడా తగ్గినవని గమనించి ఆ సంవత్సరమే ప్రకటించినాడు. యూదుడైన హాప్ట్‌మన్ తరువాత నాజీల పాలనలో దేశము విడిచి అమెరికా చేరవలసి వచ్చింది. ఆయన కనుగొన్న మందు ఈనాటికీ వాడుకలో వున్నది. మన దేశములో గార్డినాల్ అనే పేరుతో చాలామంది ఎరిగినది ఇదే.

1938లో బోస్టనులో మెరిట్, పుట్నమ్ అనేవారు పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ తెప్పించి, దానిని ఆపగల రసాయనముల కోసము వెదికి, ఫెనిటోయిన్ అనే మందును ప్రకటించినారు. ఇది మనుష్యులకు ఎంతో మేలు చేసింది. కుక్కలకు మాత్రము చేయలేదు. ఎందుచేత?

కుక్క చిన్న మనిషి కాదు

పాఠశాలలో రేడియో ధార్మికతను బోధించేటప్పుడు 'అర్ధాయువు' అనే మాట వస్తుంది. ఒక పదార్థములో సగము తరిగిపోవడానికి పట్టే కాలము అది. రక్తములోని మందుకు కూడా ఇట్టి లెక్కే వున్నది. ఫెనిటోయిన్ మనిషి శరీరములో సగము కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కుక్క కాలేయము దానిని నాలుగు గంటల ప్రాంతముననే సగము చేస్తుంది. అంటే ప్రొద్దున వేసిన మందులో రాత్రికి, పన్నెండు గంటలలో, ఎనిమిదవ వంతు మాత్రమే మిగులుతుంది. ఇంట్లో ఎవరికో వ్రాసిన మూర్ఛ బిళ్ళను కుక్కకు వేయరాదనడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

ఫినోబార్బిటాల్ కథ వేరు. కుక్క శరీరములో దాని అర్ధాయువు సుమారు రెండు రోజులు. కనుక రోజుకు రెండు పూటలు వేస్తే రక్తములో మందు మట్టము నిలకడగా వుంటుంది. ఆ మట్టము స్థిరపడడానికి సుమారు ఐదు అర్ధాయువులు, అంటే పది రోజులు పడుతుంది. మొదటి వారములోనే మూర్ఛ మళ్ళీ వచ్చిందని మందు పనిచేయలేదనుకోవడము తొందరపాటు. వైద్యులు రెండు మూడు వారముల తరువాత రక్తము పరీక్షించి, మట్టము చూచి, మోతాదు సవరిస్తారు. ఈ మందు వాడేకొద్దీ కాలేయము దానిని త్వరగా విరిచివేయడము నేర్చుకుంటుంది. కాబట్టి ఆరు నెలలకొకసారి మట్టమునూ, కాలేయమునూ పరీక్షించడము అవసరము.

మనుష్య వైద్యములో మూలబడిన బ్రోమైడు 1980వ దశకము నుండి కుక్కల వైద్యములో మళ్ళీ పైకి వచ్చింది. కుక్క శరీరములో దాని అర్ధాయువు సుమారు 24 రోజులు. మట్టము స్థిరపడడానికి నాలుగు నెలలు కావాలి. ఇందులో ఒక చిక్కు వున్నది. మూత్రపిండములు బ్రోమైడునూ, ఉప్పులోని క్లోరైడునూ ఒకే త్రోవన పంపివేస్తాయి. ఆహారములో ఉప్పు పెరిగితే మందు ఎక్కువగా కొట్టుకొనిపోతుంది. తగ్గితే మందు పేరుకొని మత్తు కలిగిస్తుంది. గుంటూరు ప్రాంతపు ఇండ్లలో మిగిలిన ఊరగాయ అన్నమో, ఎండుచేపల కూరో కుక్కకు పెట్టడము మామూలు. బ్రోమైడు వాడుతున్న కుక్కకు ఒకరోజు ఊరగాయ, ఒకరోజు చప్పిడి కూడు పెడితే, బిళ్ళ తప్పకుండా వేసినా మట్టము నిలువదు.

2013లో ఐరోపాలో ఇమెపిటోయిన్ అనే మందును కుక్కల కోసమే ఆమోదించినారు. 2015లో వివిధ దేశముల పశువైద్యుల సంఘము ఒకటి కుక్కల మూర్ఛను గుర్తించడానికీ, చికిత్సకూ సమష్టి సూచనలు ప్రకటించింది. ఆంధ్రదేశములో పశువైద్య కళాశాల 1955లో, నాటి గుంటూరు జిల్లాలోని బాపట్లలో ప్రారంభమై, తరువాత తిరుపతికి తరలింది. ఒంగోలు ఎద్దుకూ, పాడి గేదెకూ వైద్యము నేర్పడముతో మొదలైన ఆ చదువులో ఈనాడు పెంపుడు కుక్క కూడా చేరింది.

రెండవ మందు

నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదిలినారు. ఆ తరువాతి దశాబ్దములలో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి, మిరప సాగు విస్తరించింది. పైరుతోపాటు పురుగు, పురుగుతోపాటు మందు వచ్చినవి. ఎండ్రిన్ అనే పురుగుమందు పేరు తెలుగునాట ఎంతగా పాకిందంటే, అది విషమునకు మారుపేరే అయినది. దానిని 1990లో దేశములో నిషేధించినారు. దాని తెగకే చెందిన ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపివేసింది. ఈ నడుమ పైరిథ్రాయిడ్లు వచ్చినవి. 1987-88లో శనగపచ్చ పురుగు వాటికి లొంగలేదు. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టి అప్పులపాలైన ప్రత్తి రైతులు పలువురు ఈ రెండు జిల్లాలలో ప్రాణములు తీసుకొన్నారు.

ఈ మందులు కుక్క మెదడులో చేసే పని ఏమి? 1950లో యూజీన్ రాబర్ట్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మెదడులో 'గాబా' అనే పదార్థము వున్నదని ప్రకటించినాడు. తరువాత తెలిసినది ఏమంటే, ఇది నాడీకణములకు కళ్ళెము వంటిది. ఇది తగిలినప్పుడు కణము గోడలో ఒక చిన్న తలుపు తెరచుకుంటుంది. దానిగుండా క్లోరైడు లోనికి పోయి కణము శాంతిస్తుంది. ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ ఈ తలుపును బిగించివేస్తాయని 1980వ దశకములో స్పష్టపడింది. కళ్ళెము తెగిన కణములు ఒక్కుమ్మడిగా రేగుతాయి; మూర్ఛ వస్తుంది. ఫినోబార్బిటాల్ అదే తలుపును ఎక్కువసేపు తెరచివుంచుతుంది. హాప్ట్‌మన్ 1912లో కంటితో చూచినదానికి కారణము ఇట్లు దొరికింది.

ఆర్గానోఫాస్ఫరస్ మందుల మార్గము వేరు. మోనోక్రోటోఫాస్ వంటివి ఎసిటైల్ కోలిన్ అనే మరొక పదార్థము విరగకుండా ఆపుతాయి. అది మితిమీరి పోగుపడి నోట చొంగ, కంట నీరు, విరేచనములు, కండరముల అదురు, సూదిమొనంత కంటిపాపలు, ఆపై మూర్ఛ కలుగుతాయి. వీటికి అట్రోపిన్ అనే విరుగుడు వున్నది. ఎండోసల్ఫాన్ తెగకు అట్టి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మూర్ఛను ఆపి, శరీరము విషమును వదిలించుకొనేవరకు కాపాడడమే చికిత్స. ఎలుకల కోసము నూకలలో కలిపి పెట్టే జింకు ఫాస్ఫైడు తిన్న కుక్కకు కూడా మూర్ఛ రావచ్చు.

ఏ మూర్ఛ ఏది?

విషమువల్ల వచ్చిన మూర్ఛకు చికిత్స కొన్ని రోజులదే. మెదడు స్వభావమువల్ల పదేపదే వచ్చే మూర్ఛకు చికిత్స సాధారణముగా జీవితాంతము. ఒకదానిని మరొకటిగా పొరబడితే, విషము తిన్న కుక్క అనవసరముగా ఏళ్ళ తరబడి మందు మ్రింగుతుంది. లేదా విరుగుడు అందవలసిన వేళ అందక చనిపోతుంది.

ఆరు నెలలకూ ఆరేళ్ళకూ నడుమ మొదటిసారి వచ్చి, మధ్యకాలములో కుక్క పూర్తిగా ఆరోగ్యముగా వుంటే అది వంశపారంపర్యపు మూర్ఛ కావచ్చు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్ జాతులలో ఇది ఎక్కువ. బ్రిటనులో 2013లో వెలువడిన ఒక పరిశీలనలో వేయి కుక్కలలో సుమారు ఆరింటికి మూర్ఛ జబ్బు కనిపించింది. టీకా వేయని పిల్లకు డిస్టెంపరు వల్ల, పాలిచ్చే పొమెరేనియన్ వంటి చిన్న జాతి తల్లికి రక్తములో కాల్షియము తగ్గినందువల్ల కూడా మూర్ఛ రావచ్చు.

పల్లెలలో అన్నిటికంటె పెద్ద ప్రమాదము మరొకటి. నురుగు కక్కుతూ కొట్టుకుంటున్న కుక్కను పిచ్చికుక్క అని కొట్టి చంపుతారు. పిచ్చి పట్టిన కుక్క మళ్ళీ మామూలు కాదు. లక్షణములు కనిపించిన పది రోజుల లోపున చనిపోతుంది. మూర్ఛ వచ్చిన కుక్క కొద్దిసేపటిలోనో, ఒకటి రెండు రోజులలోనో తేరుకుంటుంది. అయితే పిచ్చికి టీకా వేయించని కుక్క విషయములో తేడా తేలేవరకు దాని నోటి దగ్గరకు పోకుండా, దూరముగా కట్టివుంచి వైద్యునికి చూపడమే క్షేమము. కరచినా, చొంగ పుండుమీద పడినా, ఆ చోటును సబ్బుతో పావుగంటసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇంటివారు చేయవలసినది

మూర్ఛ వచ్చినప్పుడు కుక్కను మెట్లకూ, బావికీ దూరముగా నేలమీద వుంచవలెను. నోట చేయి గాని, చెంచా గాని పెట్టరాదు. నీళ్ళు, మజ్జిగ పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోతాయి. తాళపుచెవులు తాకించడము వల్ల మూర్ఛ ఆగదు. దానంతట అదే ఆగే వేళకు తాళపుచెవులకు పేరు వస్తుంది. గడియారము చూడడము అన్నిటికంటె ఉపయోగము. మూర్ఛ ఐదు నిమిషములు దాటినా, ఒక రోజులో రెండు మార్లు వచ్చినా ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

మందు కొట్టిన చేలో, డబ్బాలు కడిగిన కుంట దగ్గర, మిరప కళ్ళములో కుక్క తిరిగినదేమో జ్ఞాపకము చేసుకొని చెప్పవలెను. అనుమానమున్న మందు ఖాళీ డబ్బాను సంచిలో చుట్టి వెంట తీసుకొనిపోతే, దానిమీది పేరు చూచి విరుగుడు వున్నదో లేదో వైద్యుడు క్షణములో నిర్ణయించగలడు.

మూర్ఛ జబ్బేనని తేలి బిళ్ళలు మొదలుపెట్టిన తరువాత, మూడు నెలలు మూర్ఛ రాలేదని మానివేయడము అన్నిటికంటె పెద్ద తప్పు. అన్నాళ్ళు తెరచి పట్టిన తలుపు ఒక్కసారిగా మూసుకుంటే ముందటికంటె తీవ్రమైన మూర్ఛలు ఒకదానివెంట ఒకటి వచ్చి కుక్క చనిపోవచ్చు. మందు తగ్గించవలసి వస్తే వైద్యుడు వారముల తరబడి కొంచెము కొంచెముగా తగ్గిస్తాడు. మొదటి రెండు వారములు తూలడము, మగత, అతిగా ఆకలి, దాహము కనిపించవచ్చు. ఇవి చాలవరకు సర్దుకుంటాయి. మందులు వాడినా సుమారు మూడింట ఒక వంతు కుక్కలకు మూర్ఛలు పూర్తిగా అదుపులోనికి రావు. అట్టివాటికి మరొక మందు జతచేస్తారు.

లోకాక్ తన రోగులను లెక్కపెట్టినాడు. హాప్ట్‌మన్ పగటి మూర్ఛలు తగ్గడము గమనించి వ్రాసిపెట్టుకొన్నాడు. ఇంటివారు చేయగలిగినదీ అదే: గోడమీది క్యాలెండరులో మూర్ఛ వచ్చిన తేదీ, ఎన్ని నిమిషములు, ఏ పూట బిళ్ళ తప్పినది, చేలో ఏ రోజు మందు కొట్టినది అని గుర్తు పెట్టుకొనడము. ఆ క్యాలెండరు చూచి వైద్యుడు మోతాదు నిర్ణయిస్తాడు.